బూడిద కుండ

మార్టూరు,
12-6-2005

ప్రియమైన సిద్దికాకు నాయన దీవెనలు.

నా రాత కోడి గీకినట్టుంటుంది. ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వు రెండు రోజులుండి సర్దిపోయాక ఇల్లు పెద్దదైనట్టుంది. చిరిగిన మిరపకాయల గోతాలు, విరిగిన కుర్చీ, అన్నీ పోయాయి. పక్కింటి సుబ్బరావమ్మ గుమ్మంలో నిలబడి, "ఏం రంజానూ, మళ్ళీ పెళ్ళా ఏంది, ఇల్లింత తీరుగా పెట్టావ్?" అంది. మీ అమ్మ పోయి రెండు నెలలేనని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

ఇళ్ళు సర్దిపెట్టే పని మొదలుపెడతానన్నావు. డబ్బిచ్చి ఇల్లు సర్దించుకునేవాళ్ళుంటారా? నాకు తెలియదు. నీ చెయ్యి మాత్రం మంచిది.

పొయ్యి వెనక మూల బూడిద కుండ ఉండేది. ఎక్కడ పెట్టావమ్మా? తొందరేం లేదు.

ఇట్లు,
నాయన రంజాన్


గుంటూరు,
25-6-2005

ప్రియమైన నాయనకు సలాం.

మొదటి ఇల్లు దొరికింది! బ్రాడీపేటలో రామకాంత్ గారిది. మన ఇంటి ఫొటోలు, సర్దకముందువీ సర్దాకవీ, చూపించాను. ఆయన భార్య "మా అత్తగారి గది కూడా ఇట్లాగే ఖాళీ చెయ్యమ్మా" అన్నారు. పెద్దావిడ మంచం మీద కూర్చుని ఏమీ అనలేదు. జూలై నాలుగు, సోమవారం మొదలుపెడతాను. మా ఆయన అస్లాం పోయాక నన్ను నన్నుగా ఒకరు పనికి పిలవడం ఇదే మొదటిసారి.

ఆ కుండ బీటలిచ్చింది నాయనా. ఉన్నది బూడిదేగా, పెంటకుప్పలో పోసేశాను. అమ్మ మిరప విత్తనాల డబ్బా మాత్రం భద్రంగా ఉంది. తుడిచి పై అరలో పెట్టాను. అమ్మ పెట్టిన మూత, తియ్యబుద్ధి కాలేదు.

నారు పోసే రోజు రాయి. ఈసారి అమ్మ గింజలు నేనే చల్లుతాను.

నీ కూతురు,
సిద్దికా


మార్టూరు,
29-6-2005

ప్రియమైన సిద్దికా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించాను.

డబ్బా ఖాళీది. పోయినేడు అందులో గింజలకు పురుగు పట్టిందని మీ అమ్మ ఈసారి కుండలో బూడిదతో కలిపి పెట్టింది. కల్లంలో కూర్చుని, దగ్గుతూనే, ఒక్కో కాయ ఎంచింది. మళ్ళీ కల్లానికి రాలేదు.

కుండ ఎక్కడని అడిగాను గానీ, నాకు తెలుసు. నువ్వు పోస్తుంటే అరుగు మీద నుంచి చూశాను. చున్నీ నడుముకు చుట్టుకుని ఏదో కూనిరాగం తీస్తున్నావు. అస్లాం పోయిన ఈ రెండేళ్ళలో నీ గొంతులో పాట వినలేదు. ఆపమనడానికి నోరు రాలేదు.

నువ్వు బస్సెక్కాక ఆ పెంటంతా జల్లెడ పట్టాను. దొరికిన గింజలు మడిలో వేసి పదిహేను రోజులు చూశాను. ఒక్కటీ మొలవలేదు. పెంట వేడికి ఉడికిపోయినట్టున్నాయి. కొట్లో గింజలు కొన్నాను. నువ్వొచ్చి అవే చల్లు.

ఈ సంగతి నీకు చెప్పకూడదనే అనుకున్నాను. మంచం మీద పెద్దావిడ ఏమీ అనలేదని రాశావు, అందుకని చెబుతున్నాను. పని మానొద్దు. సోమవారం ఆ గదిలో చెయ్యి పెట్టేముందు, ఏది ఉంచమంటారని ఆవిడని అడుగు. ఏమీ లేదంటుంది. మళ్ళీ అడుగు.

ఏం చెప్పిందో నాకు వెంటనే రాయి.

నాయన