కొంచెం మధ్యకి జరగండి

మార్చి 3, సోమవారం

సర్దుబాటు ఈరోజు బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. ఎడమ చివర ఒక చుక్క పెట్టి ఇది మనం అన్నాడు. నడిమధ్యలో బోలెడు చుక్కలు పెట్టి ఇది జనం అన్నాడు. వరసగా రెండు ఎలక్షన్లు ఎందుకు పోయాయో ఇంతకంటే తేలిగ్గా చెప్పలేడట. మనం కొంచెం మధ్యకి జరగాలట. బస్సులో కండక్టర్ చెప్పినట్టు చెప్పాడు.

సర్దుబాటు అంటే మా పార్టీ సిటీ సెక్రటరీ. పేరు నేను పెట్టిందే. ఎదురుపడితే సార్ అంటాను.

జరగడమంటే ఏమిటో చివర్లో బయటపెట్టాడు. ఇళ్ళ హామీ తీసేయాలి. వేరే ఇల్లు చూపించకుండా అద్దెవాళ్ళని ఖాళీ చేయించనివ్వం అనే హామీ. మా పార్టీ పుట్టిందే ఆ ఒక్క మాట మీద. ఈ ఊళ్ళో ఎవరిని ఖాళీ చేయించాలన్నా కౌన్సిల్ పర్మిషన్ కావాలి. ఒక పెద్ద పార్టీ ఎప్పుడూ ఔనంటుంది, ఇంకొకటి ఎప్పుడూ కాదంటుంది. కౌన్సిల్లో మావాళ్ళు గుప్పెడుమందే, కానీ వాళ్ళు ఎటు చెయ్యెత్తితే అటు.

అక్క వాళ్ళ బిల్డింగ్‌ని కిందటేడు ఒక కంపెనీ కొంది. కూల్చి షాపులు కడుతుందట. దాని అప్లికేషన్ ఏప్రిల్లో కౌన్సిల్ ముందుకొస్తోంది. హామీ ఉంటే అక్క ఇల్లు ఉంటుంది. పోతే పోతుంది. ఇందులో గీతలేమిటి, చుక్కలేమిటి?

ఇంకో ముక్క కూడా అన్నాడు. టైం లేదు కాబట్టి మహాసభలో ఈసారి చీటీలు వద్దు, హామీ తీసేసే తీర్మానం తనే చదువుతాడు, చేతులెత్తితే సరిపోతుంది అన్నాడు. అప్పుడు లేచాను.

పార్టీ పెట్టిన పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఒకటే పద్ధతి. పెద్ద తీర్మానం ఏదొచ్చినా అందరి పేర్లూ చీటీలు వేస్తారు. మొదటి చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళు తీర్మానం తరఫున మాట్లాడాలి, రెండోదానివాళ్ళు ఎదురు మాట్లాడాలి. సొంత అభిప్రాయం ఇంట్లో పెట్టి రావాలి. మొక్కుబడిగా మాట్లాడితే పెద్దాయన మధ్యలోనే కూర్చోబెట్టేవాడు. తీర్మానం నెగ్గితే దాని తరఫున మాట్లాడినవాళ్ళే దాన్ని ఇంటింటికీ మోసుకెళ్ళాలి. అవతలివాడి మాట ఒకసారి నీ నోటితో అంటే తప్ప అది నీకు తలకెక్కదని ఆయన నమ్మకం.

పద్ధతి పద్ధతే అని అరిచాను. వేలు కూడా చూపించాను. చీటీలు లేకపోతే ఎదురు మాట్లాడే మనిషే ఉండడని నా భయం. అందరూ బల్లలు చరిచారు. సర్దుబాటు నవ్వి సరే అన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మార్చి 4

ల్యాబ్‌లో ఒకావిడకి రెండుసార్లు వెయిన్ మిస్సయ్యాను. రక్తం తీసే ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా నాకు మంచి చెయ్యి అని పేరు. ఆవిడ మోచెయ్యి రుద్దుకుంటూ, కోపం ఎవరి మీదమ్మా అని అడిగింది. సారీ చెప్పాను. ఎవరి మీదో చెప్పలేదు.

మార్చి 6, గురువారం, సాయంత్రం

చీటీలు తీశారు.

మొదటిది నాది. తీర్మానం తరఫున. నేను!

రెండోది సర్దుబాటుది. తన తీర్మానానికి తనే ఎదురు మాట్లాడాలి.

ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వారు. కింద సైకిల్ షాపువాడు పైకొచ్చి ఏమైందని అడిగాడు. సర్దుబాటు నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, పద్ధతి పద్ధతే కదమ్మా అన్నాడు. మొహాన నీళ్ళు కొట్టుకుని వచ్చాను. చల్లారలేదు.

మార్చి 7

అక్క దగ్గరికి వెళ్ళాను. అమ్మ పోయాక అక్క నన్ను పెంచింది ఆ రెండు గదుల్లోనే. వంటింటి కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ చేతికి తగులుతుంది. నాలుగంతస్తులు, లిఫ్ట్ లేదు. బావ లిఫ్ట్ మెకానిక్. ఊళ్ళో అందరినీ పైకి పంపించి తను మాత్రం మెట్లెక్కుతానని ఇరవయ్యేళ్ళుగా అదే జోకు వేస్తాడు. ఈరోజు వెయ్యలేదు.

సంగతి విన్నాక కూడా అక్క ఉతికిన బట్టలు మడతపెడుతూనే ఉంది. తర్వాత నా మొహంలోకి చూడకుండా అంది.

"ఏమే, పుట్టినప్పటినుంచీ నీ నోటికి ఎవరూ అడ్డం రాలేదు. ఒక్క పూట తడబడితే నీ సొమ్మేం పోతుంది?"

అది మోసం అన్నాను. మోసమే చెయ్యమంటున్నాను అంది. పెద్దాయన పద్ధతి అన్నాను. పెద్దాయన సొంతింట్లో పోయాడు అంది. బావ నవ్వబోయి ఆగిపోయాడు.

చేస్తానని చెప్పలేదు, చెయ్యనని చెప్పలేదు. నాలుగంతస్తులూ దబదబా దిగాను. నన్ను ఇలాంటిది అడిగినందుకు అక్క మీద కోపం. అడగాల్సి వచ్చేలా చేసినవాళ్ళందరి మీదా కోపం. వాచ్‌మన్ పలకరిస్తే వాడి మీద కూడా.

మార్చి 9, ఆదివారం

తీర్మానం తరఫున ఏం మాట్లాడతారో నాకు తెలియదు. అందుకని పిన్ని దగ్గరికి వెళ్ళాను. మా కుటుంబంలో సొంతిల్లు ఉన్నది ఆవిడొక్కదానికే. నర్సుగా రిటైరైంది. కింద తనుంటూ పై వాటా అద్దెకిచ్చింది. రెండు ఎలక్షన్లలోనూ మాకు ఓటెయ్యలేదు. ఆ సంగతి దాచను కూడా దాచదు.

మేడ మీదవాడు తాగొచ్చి రోజూ రెయిలింగ్ మీద గిన్నెలు కొడతాడట. పోయిన నెల మెట్ల మీద పిన్నిని తోశాడట. మోకాలి కట్టు చూపించింది. ఖాళీ చేయించడానికి కౌన్సిల్‌కి అప్లికేషన్ పెట్టుకుంటే మావాళ్ళు వద్దని చెయ్యెత్తారట. ఎవరిల్లు, ఎందుకు అని కూడా అడగలేదట. నాకు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, చెప్తే నువ్వు నాకు క్లాసు పీకుతావని అంది.

తర్వాత గేటు దగ్గరికి తీసుకెళ్ళింది. పోయిన ఎలక్షన్లో మా పోస్టర్ ఒకటుంది. ఇంటి ఓనర్‌కి కోరలు పెట్టిన బొమ్మ. అందరం దాన్ని తెగ మెచ్చుకున్నాం. ఆ పోస్టర్‌ని మావాళ్ళెవరో పిన్ని గేటుకే అంటించారు. కిరసనాయిలు పెట్టి రెండు రోజులు రుద్దిందట. ఒక కోర ఇంకా గేటుకే ఉంది.

నేనేం దొంగనా అని అడిగింది. నలభయ్యేళ్ళు నైట్ డ్యూటీలు చేసి కట్టుకున్నాను, నాకు కోరలేమిటే అంది.  ఇంటికొచ్చి తలుపు ధడాలున వేశాను. నాకు కావాల్సింది ఒక తెలివితక్కువ వాదన. తీరా చూస్తే దొరికింది ఇది.

మార్చి 11

ఉపన్యాసం తయారుచెయ్యలేదు. చెయ్యను.

మార్చి 13

చేశాను. బాగా వచ్చింది. ఛీ.

మార్చి 16, ఆదివారం, మధ్యాహ్నం మూడు

మహాసభ అయిపోయింది.  వేడి చల్లారకముందే రాసేస్తాను.

స్కూలు హాలు. పిల్లల బెంచీలు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అక్క వెనక వరసలో కూర్చుంది. చూడటానికి ఎవరైనా రావచ్చు. బావ రాలేదు.

సర్దుబాటు ముందు మాట్లాడాడు. ఇళ్ళ హామీ ఉండాలి అని తీర్మానానికి ఎదురుగా. రైళ్ళ టైంటేబుల్ చదివినట్టు చదివాడు. ఒక్క తప్పు మాట లేదు, ఒక్క బతికున్న మాట లేదు. మొక్కుబడి అని ఎవరూ వేలెత్తి చూపలేరు. మనిషి మాట్లాడేదే అంత. అక్క లాంటివాళ్ళ గురించి ఎన్ని చెప్పొచ్చు! ఆ నాలుగంతస్తుల మెట్ల గురించి నేనైతే హాలంతా ఏడిపించేదాన్ని. నా మాటలన్నీ వాడి చేతిలో పడి చచ్చిపోతుంటే పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

తర్వాత నన్ను పిలిచారు. స్టేజీ ఎక్కేదాకా ఏం చెయ్యాలో తేల్చుకోలేదు. ఎక్కాక అక్క కనిపించింది. సరే అనుకున్నాను. తడబడ్డాను. నీళ్ళు నమిలాను. ఒక వాక్యం రెండుసార్లు చెప్పాను. ముందు వరసలో ఒకడు ఆవలించాడు. ఇంకొకడు ఫోను తీశాడు. సర్దుబాటు తల పక్కకి వాల్చి, జాలిగా, చిన్నపిల్లకి ధైర్యం చెప్పినట్టు తలాడించాడు.

వాడా నా మీద జాలిపడేది!

ఆ తర్వాత ఏమైందో నాకు బాగానే తెలుసు, పూనకం వచ్చిందని సాకు చెప్పను. పిన్ని గేటు గురించి చెప్పాను. కిరసనాయిలు, కట్టు కట్టిన మోకాలు, ఎవరిల్లో అడక్కుండా లేచిన మావాళ్ళ చేతులు. అన్నీ చెప్పాను. చివరికి ఇలా అన్నాను.

"ఈ ఊళ్ళో కోరలున్నవాడు ఒకడో ఇద్దరో. మిగతా అందరికీ కోరలు గీసింది మనమే. గీసి, తీసుకెళ్ళి వాళ్ళ గేటుకే అంటించి, ఓటెయ్యలేదని ఏడుస్తున్నాం."

 హాలంతా చప్పట్లు. ఆవలించినవాడు లేచి నిలబడ్డాడు. చేతులెత్తమన్నప్పుడు నేను లెక్క చూడలేదు, వెనక వరసే చూశాను. అక్క బెంచీలో లేదు. ఎప్పుడు వెళ్ళిందో తెలియదు.

తీర్మానం నెగ్గింది.

మార్చి 17

పిన్ని ఫోన్ చేసి ఏడ్చింది. తన గురించి మైకులో ఎవరైనా మాట్లాడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారట.

అక్క ఫోన్ ఎత్తలేదు. ఉదయం చేశాను, లంచ్‌లో చేశాను, బస్సులోంచి చేశాను.

నేనన్నది అబద్ధమైతే ఎంత బాగుండేది. తప్పయిపోయిందని వెళ్ళి కాళ్ళు పట్టుకునేదాన్ని. అది నిజం. నిన్న స్టేజీ మీదా నిజమే, ఈరోజూ నిజమే. అక్క ఇల్లూ నిజమే. ఒళ్ళు మండేది అందుకే.

మార్చి 20

కమిటీ మీటింగ్. ఒక్క వాక్యం చేర్చమన్నాను. ఉన్న ఇంట్లో ఒక వాటా అద్దెకిచ్చుకునేవాళ్ళకే సడలింపు, బిల్డింగులు కొని కూల్చే కంపెనీలకి పాత హామీయే అని. పిన్నికి న్యాయం జరుగుతుంది, అక్కకీ జరుగుతుంది. చిన్నపిల్లకి కూడా అర్థమయ్యే మాట.

సర్దుబాటు శ్రద్ధగా విన్నాడు. చాలా మంచి ఆలోచన అన్నాడు. వచ్చే ఏడు మహాసభలో పెడదాం అన్నాడు. సభలో నెగ్గిన తీర్మానాన్ని ఏడాదిదాకా ముట్టుకోకూడదు, అది పెద్దాయన పద్ధతేనని గుర్తుచేశాడు. పైగా, గుమ్మంలో నిలబడి ఒక్క ముక్కలో చెప్పగలిగిందే హామీ అట. వీళ్ళకి ఇది, వాళ్ళకి అది అని మొదలుపెడితే తలుపు మూసేస్తారట.

మధ్యకి జరగడమంటే పిన్ని వాటానీ కంపెనీ బిల్డింగ్‌నీ ఒకే గాటన కట్టడమా అని అడిగాను. టీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాను. అందరూ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. నాలుగు రోజుల కింద లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళే. వాళ్ళనేమని తిట్టను, ఎవరి మాటకి కొట్టారు?

ఏప్రిల్ 9, బుధవారం

కౌన్సిల్లో మావాళ్ళందరూ చెయ్యెత్తారు. ఔనని. బిల్డింగ్ ఖాళీ చెయ్యడానికి రెండు నెలల గడువు.

ఏప్రిల్ 12

వెళ్ళాను. తలుపు బావ తీశాడు. కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. అక్క వంటింట్లోంచి రాలేదు. పంపు తిప్పిన చప్పుడు వినిపిస్తూనే ఉంది, అన్నిసార్లు కడగడానికి అన్ని అంట్లు లేవు ఆ ఇంట్లో.

కౌన్సిల్ ఈసారి పిన్నికీ పర్మిషన్ ఇచ్చింది, మేడ మీదవాడు వచ్చే నెల ఖాళీ చేస్తున్నాడు. ఆ వాటాలోకి రమ్మని పిన్ని అక్కని అడిగిందట. తాగుబోతే కావచ్చు, వాడికీ పెళ్ళాం పిల్లలున్నారు, వాళ్ళ సామాను వీధిలో పెట్టించి ఆ గదుల్లో తను నిద్రపోలేనని అక్క చెప్పిందట. ఊరి చివర, రెండు బస్సులు మారి వెళ్ళే చోట ఒక గది చూసుకున్నారు. బావ ఇదంతా వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

పార్టీ వదిలేస్తావా అని అడిగాడు. లోపలుంటేనే కదా వచ్చే ఏడు ఆ వాక్యం చేర్పించగలిగేది అన్నాను. గొంతు నాదే. మాట సర్దుబాటుది.

వంటింట్లో పంపు ఆగింది. అక్క వస్తుందనుకున్నాను.

ఏప్రిల్ 26

రిజైన్ చెయ్యడానికే ఆఫీసుకి వెళ్ళాను. ఇంటింటి ప్రచారం బ్యాడ్జీలు వచ్చాయి. నా పేరు ప్రింట్ చేయించారు. బ్యాడ్జీ పెట్టుకునే ఇంటికొచ్చాను.

మే 4, ఆదివారం

నాకిచ్చిన వీధిలో అక్క బిల్డింగ్ కూడా ఉంది. మార్చుకోవచ్చు. మార్చుకోలేదు. నాలుగో అంతస్తు ఎక్కి తలుపు తట్టాను.

అక్క తీసింది. వెనక అట్టపెట్టెలు. నా మొహం చూసింది, బ్యాడ్జీ చదివింది.

"వచ్చే నెల నుంచి మా ఓటు ఇక్కడ ఉండదండీ. మీకు టైం వేస్టు. పక్కింట్లో అడగండి."

తలుపు మెల్లగానే వేసింది.

పక్కింటి తలుపు తట్టాను.