లెక్కల మాస్టారి పథ్యం చీటీ

జగ్గయ్యపేట,
11-7-1981.

చి॥ వసుమతిని నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. క్షేమం తప్పబోయిన ఒకాయన కూడా ఇప్పుడు లేచి తిరుగుతున్నారు.

నా షుగరు సంగతి అడిగావు. సెలవుల్లో నువ్వు రాసిచ్చిన పథ్యం చీటీ ప్రకారమే తింటున్నాను. తగ్గింది, చొక్కాలు కూడా వదులయ్యాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. మిరపకాయల వ్యాపారం చేసే వీరరాఘవయ్యగారు నన్ను చూసి, "మాస్టారూ, అదేదో నాకూ రాసివ్వండి" అన్నారు. నీ చీటీకి నకలు తీసి, ఆయన నాకు రెండింతలు లావు కాబట్టి, నిష్పత్తి ప్రకారం తిండి సగానికి కోసి ఇచ్చాను.

"మీరు లెక్కల మాస్టారండీ. ఈ చదువు చదివింది అమ్మాయి" అంది మీ అమ్మ. వినలేదు. నెల తిరిగేసరికి ఏడు ఇళ్ళలో నా చీటీలున్నాయి.

మంగళవారం వీరరాఘవయ్యగారికి తోడుగా నందిగామ కోర్టుకు వెళ్ళాను. పొలం గట్టు గురించి తన పెదనాన్న కొడుకు శాంతయ్యతో ఆయనకు వ్యాజ్యం. ఆయన పొద్దున్నే షుగరు మాత్ర మింగి, నా చీటీ ప్రకారం గ్లాసుడు మజ్జిగతో సరిపెట్టి బస్సెక్కారు. బోనులో పేరడిగితే "శాంతయ్య" అన్నారు. గట్టు ఎవరిదంటే "శాంతయ్యదే" అన్నారు. ఆయన ప్లీడరు తల పట్టుకున్నాడు. అంతలో ఒళ్ళంతా చెమటలు పట్టి కూలబడ్డారు. అందరికంటే ముందు పరుగెత్తి, పంచదార ఎక్కువేయించిన టీ తెచ్చి తాగించింది ఆ శాంతయ్యే.

ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు నా చీటీ చూశాడు.

"ఇదెవరు రాశారండి?"

"నేనేనండి."

"ఏం చదివారు?"

"లెక్కల్లో బి.ఎస్సీ. బి.ఎడ్. కూడా ఉందండి."

"మాత్రలు మింగే మనిషికి తిండి కోయడానికి అవి చాలవండి. దానికి వేరే డిగ్రీ ఉంది, ఆ పైన డిప్లొమా, ఆ పైన రోగుల మధ్య ఆర్నెల్ల ట్రైనింగు. ఇంకాస్త ఆలస్యమైతే ఈయన దక్కేవాడు కాదు."

ముప్పై ఏళ్ళు పిల్లల్ని గోడవైపు నిలబెట్టినవాణ్ణి, ఆ రోజు నేనే గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ట్రైనింగుకు రమ్మని హైదరాబాదు ఆస్పత్రి నుంచి ఇంటికేమైనా ఉత్తరం వచ్చిందా అని రెండుసార్లు అడిగావు. జవాబు ఇంతదూరం నెట్టుకొచ్చాను. వచ్చింది తల్లీ, పన్నెండు రోజులైంది. నేనే పంచాంగంలో దాచాను. హోమ్‌సైన్సు డిగ్రీ అయింది, డిప్లొమా అయింది, కూరలు తూచడానికి ఇంకో ఆర్నెల్లు దేనికి, ఇంటికొచ్చేస్తుందిలే అనుకున్నాను. నువ్వేమో మీ పిన్ని ఇంట్లో ఎదురుచూస్తూ కూర్చున్నావు. చేరాల్సిన తేదీ దాటిపోయింది.

నందిగామ పోస్టాఫీసు నుంచే ఆ హైదరాబాదు ఆస్పత్రికి ట్రంకాల్ చేశాను. "ఆలస్యం మా అమ్మాయిది కాదండి, నాది" అని, వీరరాఘవయ్యగారి సంగతితో సహా అంతా అక్కడి పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఆవిడ, "ఇరవయ్యో తేదీలోగా చేరమనండి. ఈలోపు మీరు మాత్రం ఎవరికీ ఏమీ రాయకండి" అన్నారు. ఉత్తరం ఇందులోనే పెట్టాను. వెంటనే వెళ్ళి చేరు. నన్ను తిట్టాలనుంటే చేరాక తీరిగ్గా రాయి. మీ అమ్మ ఆ పని ఇక్కడ మొదలుపెట్టింది.

నిన్న ఇల్లిల్లూ తిరిగి చీటీలు వెనక్కి తీసుకున్నాను. ఆఖరికి పుల్లమ్మగారింటికి వెళ్ళి, "అమ్మా, అందులో రాసినట్టు తినబాకండి" అన్నాను.

"నేనేనాడన్నా తింటేగా మాస్టారూ" అంది ఆవిడ. "మీ అమ్మాయిని రానీండి. ఆ పిల్ల రాస్తే తింటా."

ఇట్లు,
నీ చదువు పూర్తవ్వాలని కోరుకునే
మీ నాన్న,
అనంతరామయ్య.