కుండమార్పిడి

మంగళవారం, రంపచోడవరం

తమ్ముడి రిపోర్టూ, వాడు చేసుకోబోయే మా ఆడపడుచు రిపోర్టూ ఇవాళ ల్యాబ్‌లో నేనే రాశాను. ఇద్దరూ సికిల్‌సెల్ క్యారియర్లే, జబ్బు పైకి కనబడకుండా రక్తంలో మోసేవాళ్లే. వచ్చే నెలలో పెళ్లి. ఇలాంటి జంటకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఆ జబ్బు గండం ఉంటుందని, కాళ్లూ చేతుల నొప్పులతోనే అది బయటపడుతుందని కొండ ఊళ్లన్నీ తిరిగి చెప్పేదాన్ని నేనే.

సాయంత్రం అత్తకు చెప్పాను. మేనత్తే కదా, వింటుందనుకున్నాను. బియ్యం చెరుగుతూ తలైనా ఎత్తలేదు.

"కుండమార్పిడి అంటే ఇచ్చిన మాటేనే. నువ్వు మా ఇంటికొచ్చావు, నా కూతురు మీ ఇంటికెల్తాది. అది ఆగిందంటే నువ్వూ మీ ఇంటికి పోవాల్సిందే."

"బయట సంబంధం చూద్దాం అత్తా."

"బయటంటే ఎక్కడే? మన కొండరెడ్లలో మనం చేసుకోదగ్గ ఇళ్లు ఇక్కడ నాలుగే. నాలుగూ మనోళ్లవే."

నిజమే. తాతల నాటి నుంచి ఆ నాలుగిళ్ల మధ్యే ఆడపిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటున్నాం. వాళ్లతో పాటు ఆ రక్తాన్నీ. ఇందులో ఎవరిని తిట్టను?

నేను లేచి వస్తుంటే అత్త అడిగింది. "మరి నీ మొగుడి రక్తం చూశావా?"

చూడలేదు. నేను క్యారియర్‌నని ఉద్యోగంలో చేరిన వారానికే తెలిసింది. ఊరందరి వేళ్లూ గుచ్చాను, ఆయన వేలు మాత్రం ముట్టుకోలేదు. మా పాప వేలూ ముట్టుకోలేదు.

పాప నిద్రలో మళ్లీ కాళ్లు పట్టుకుని మూలుగుతోంది. ఎండలో ఆడింది, అందుకే నొప్పులని నిన్న ఈ డైరీలో రాశాను. ఇవాళా అదే రాస్తున్నాను.