సున్నాకు దింపిన ముల్లు

పలాస,
3-2-2002

ధనరాజు బావకి,

గుజరాత్‌లో, వేరావల్ చేపల బోటులో నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమని మాత్రం రాయలేను. మీ అమ్మ ముఖాన్ని ఆవిరికి బలిచ్చినవాడు మా జీడి ఫ్యాక్టరీ మేనేజరు జగదీశ్వరరావు. కార్మికురాలి చర్మం కంటే బస్తా పిక్కలే ఎక్కువైన లోకం ఇది, బావా!

మోహిని అక్క, పాప బాగానే ఉన్నారు. అక్క అత్తకి తోడుగా ఆసుపత్రిలోనే ఉంటోంది. నీ ఉత్తరంలో ఒక్కటే అడిగావు: అమ్మ తొందరపడి మూత ఎందుకు తీసిందని. కంపెనీ కాగితంలోనూ అదే రాశారు. అత్త తొందరపడలేదు.

పిక్కలు ఉడికించే డ్రమ్ము మీద గడియారం లాంటి గేజి ఉంటుంది. దాని అడుగున డయాఫ్రం అనే పలచటి ఉక్కు రేకు, డప్పు తోలులా చుట్టూ బిగించి ఉంటుంది. ఆవిరి కిందనుంచి తోస్తే నడుమ వెంట్రుకంత పొంగుతుంది. ఆ కాస్త పొంగునే కడ్డీ, పళ్ళచక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. ఆవిరి వదిలేస్తే రేకు చదునవుతుంది, ముల్లు సున్నాకొస్తుంది. అప్పుడే మూత మరలు విప్పాలి. పదకొండేళ్ళలో అత్త ఒక్కసారి కూడా అది తప్పలేదు.

ఆ రోజు ఆవిరి బయటికి వదిలే గొట్టం బుస్సుమనడం ఆగింది. ముల్లు మాత్రం సున్నాకి కాస్త పైనే నిలబడిపోయింది.

"ఏటే నూకమ్మా, ముల్లుకి దండం ఎట్టుకుని కూకున్నావా?" అన్నాడు మేనేజరు.

"అది దిగితే గానీ నాను ముట్టను బాబూ. నాకున్నది ఒకటే మొకం."

అందరూ నవ్వారు. అత్త మంచినీళ్ళకి వెళ్ళింది.

బావా, మేనేజరు గురించి పైన రాసిన నా మొదటి మాట సగమే నిజం. "గేజి పాడైపోనాది, ముల్లు దింపీరా" అని నాతో అన్నది మేనేజరే. అద్దం విప్పి, ముల్లు పీకి, సున్నా మీద గుచ్చింది నేను. చప్పుడు లేదు గనక డ్రమ్ము ఖాళీ అనుకున్నాను. రేకే వంగిపోయిందనుకున్నాను. నిజానికి ఆ గొట్టంలో జీడినూనె జిడ్డు పేరుకుని దారి మూసుకుపోయింది, ఆవిరి లోపలే ఉంది. అక్కడున్న అందరిలో నిజం చెప్పింది ఆ రేకు ఒక్కటే. కార్మికుల కరపత్రాలు పట్టుకుని ఊరంతా అరిచే నేనే దాని నోరు నొక్కాను. అత్త వచ్చి, "ఇదిగో, దిగినాది" అని మరలు విప్పింది. మూత ఎగిరి, ఆవిరంతా ఆమె ముఖాన కొట్టింది.

చూపు ఇక రాదని డాక్టరు చెప్పాడు. నిన్న కట్టు కట్టిన కళ్ళతో అత్త నా చెయ్యి తడిమి, "ముల్లు సున్నా మీదే కనపడినాది రా పోలీ. అప్పటికే నా కళ్ళు సెడిపోనాయి గావాల" అంది. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, నేరుగా ఆమె దగ్గరికే వెళ్తున్నాను. ముందు ఆమెకి చెప్పాలి.

ఫిబ్రవరి ఇరవై, బుధవారం, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈ ప్రమాదం మీద విచారణ. పనివాళ్ళందరినీ రమ్మన్నాను. వాళ్ళ ముందే ఆ గేజి విప్పి, ముల్లు ఎవరు దింపమన్నారో, ఎవరు దింపారో చెబుతాను. నువ్వూ రా. నా చొక్కా పట్టుకోవాలన్నా అక్కడే, అందరి ముందూ పట్టుకో. ఉదయం పది గంటలకి.

ఇట్లు,
నీ బావమరిదినని ఇంకా రాసుకోవచ్చో లేదో నువ్వే చెప్పాల్సిన
పోలారావు