వెలుగుకు సరిపోని తెలుగు

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈరోజు కాలేజీలో నా ఫిజిక్స్ సెమినార్ అయింది. దేవరకొండ బస్సులో నువ్వడిగిన ప్రశ్ననే తీసుకున్నాను. జంటగా పుట్టిన రెండు వెలుగు కణాల్లో ఒకదాన్ని సెమీకండక్టర్‌లోకి పంపుతారని నేను చెబుతుంటే, "మరి లోపలికి పోయింది బయటిదాన్ని యాది మరుస్తదానే?" అన్నావు. అప్పుడు నాకు జవాబు తెలియదు.

తెలుసుకున్నాక, నీకు చెప్పినట్టే తెలుగులో రాసుకుని వెళ్లాను. ఇంగ్లిష్‌లో ఎంటాంగిల్‌మెంట్ అనే ఆ జంట బంధానికి 'పెనవేత' అనే మాట కోసం ఎంత వెతికానో! రెండో వాక్యానికే లెక్చరర్ ఆపేశాడు.

"ఏందిది, సెమినారా, బతుకమ్మ పాటా? ఇంగ్లిష్‌ల చెప్పు, లేకుంటే పోయి కూసో!"

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. నన్ను తిట్టడానికి సరిపోయిన తెలుగు, వెలుగు గురించి చెప్పడానికి ఎందుకు సరిపోదు?

"ఇంగ్లిష్‌ల గూడ చెప్త సార్. ముందు గిది జర ఇనుండ్రి."

"మార్కులు పోతయ్ మల్ల!"

"పోనీయుండ్రి సార్."

చివరిదాకా చెప్పాకే కూర్చున్నాను. మార్కులు నిజంగానే పోయాయి. ఇప్పటికీ కోపం తగ్గలేదు.

నువ్వు వినాల్సిన జవాబు ఇది. లోపలికి పోయిన కణానికి శక్తి మరీ ఎక్కువైతే సెమీకండక్టర్ దాన్ని మింగేస్తుంది, జంట తెగిపోతుంది. తక్కువైతే దాటనిస్తుంది. లోపల దాని నడక నెమ్మదిస్తుంది, బయటికి కాస్త ఆలస్యంగా వస్తుంది. కానీ యాది మరవదక్కా.

నీ చెల్లె