ముందు పడ్డ దెబ్బ

కాశిబుగ్గ, వరంగల్
శుక్రవారం

చిరంజీవి తమ్ముడు ఓదేలుకు, అన్న సాంబయ్య దీవించి రాస్తున్నది.

నా రాత వంకరగా ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోకు. మూడో తరగతితో ఆగిన చదువు. అర్థం కానిచోట ఆగి, కూడబలుక్కుని చదువు. నువ్వు, మరదలు రాజవ్వ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. లచ్చక్క అన్నం తింటున్నదా? బావ పోయి నేటికి పదహారు రోజులు. అక్కను ఒక్కదాన్నే ఉంచకండి. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. జ్వరం లేదు. రెండు పూటలా తింటున్నాను. నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు.

మూడోనాడు పిట్టకు పిండం ముద్ద పెట్టకముందే ఎవరికీ చెప్పకుండా జీపెక్కి వచ్చేశాను. నేను తాగి బావ శవం ముందు డప్పు కొట్టానని అక్క అనుకుంటున్నదట. మొన్న ములుగు బస్సులో వచ్చిన మన పక్కింటి యాదగిరి చెప్పాడు. తమ్ముడూ, నేను తాగలేదు. నాయన మీద ఒట్టు. ఆ ఒక్క ముక్క చెప్పడానికే ఈ ఉత్తరం. నోటితో చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు కదా.

కాలేజీలో ఊడ్చే పని దొరికిందని మీకు చెప్పాను. అక్కడ డప్పు కొడుతున్నానని మాత్రం చెప్పలేదు. నవ్వుతారని.

కాలేజీలో కంప్యూటర్ గది ఒకటి ఉంది. కంప్యూటర్ అంటే తెర ఉన్న పెట్టె. దానికి వేడి పడదట. నడి ఎండాకాలంలో కూడా ఆ గది చలి పుట్టిస్తుంది. చెప్పులు బయట విడిచి పోవాలి. ఒకరోజు అక్కడ తుడుస్తూ బల్ల మీద వేళ్లతో దెబ్బ వేసుకుంటుంటే అక్కడి సారు చూశాడు. చిన్న వయసు సారు.

“డప్పు వస్తదా తాతా?” అన్నాడు.

“జరంత వస్తది సారూ” అన్నాను.

తెల్లారి డప్పు తెమ్మన్నాడు. దాని దగ్గర మైకు పెట్టాడు. నేరుగా చెవికి వినపడకుండా డప్పు వెనక పాత దుప్పటి కుక్కాడు. నా చెవులకు గిన్నెల్లాంటివి బిగించాడు. నేను కొట్టిన చప్పుడు తీగల మీదుగా పెట్టెలోకి పోయి, తిరిగి వచ్చి ఆ గిన్నెల్లో వినపడుతుంది. ఆ గిన్నెల్లోనే టేపురికార్డరు నేరుగా టిక్కు టిక్కు అంటుంది. నా దెబ్బ సరిగ్గా ఆ టిక్కు మీద పడాలి. అదే పని.

ఎందుకని అడిగితే సారు ఓపికగా చెప్పాడు. పెట్టెలో చాలా పనులు ఒకేసారి నడుస్తాయట. ఏది ముందు, ఏది వెనక అని పంచే మేస్త్రి లాంటిది ఒకటి లోపల ఉంటుంది. దాన్ని కెర్నల్ అంటారు. ఆ మేస్త్రిని తయారు చేస్తున్నది సారే. మేస్త్రి వేరే పనిలో పడితే నా దెబ్బ వాకిట్లో నిలబడాలి.

“ఎంతసేపు నిలబెడ్తాందో చూడాలె తాతా. పాట పాడేటోళ్లకు, వాయించేటోళ్లకు ఇది పనికి రావాల్నంటే చప్పుడు ఎంటనే రావాలె. ఆలస్యం అనిపిస్తే చెప్పు” అన్నాడు.

మంచివాడు. ఆ చలికి డప్పు తోలు మెత్తబడేది. తోలు బిగియడానికి గదిలో గడ్డి మంట పెట్టనీయరు కదా. ఇంటి నుంచి పెద్ద బల్బు తెచ్చి దాని ముందు డప్పు ఆనించేవాడు. “నీ దేవునికి దీపం పెట్టిన తాతా” అని నవ్వేవాడు.

మొదటి రోజే చప్పుడు ఆలస్యంగా వచ్చింది. నేను కొట్టాక ఎవరో నా వెనక నిలబడి కొట్టినట్టుంది. అది పెట్టె తప్పని నాకు తోచలేదు. జోడు కలవకపోతే నీ చెయ్యి దిద్దుకో, పక్కవాణ్ని అనకు అని నాయన మనల్ని కొట్టి కొట్టి నేర్పాడు. ముసలి చెయ్యి మొద్దుబారింది అనుకున్నాను. టిక్కు రాకముందే కొంచెం తొందరగా కొట్టాను. కలిసింది.

“ఎట్లుంది తాతా?”

“మంచిగనే ఉంది సారూ.”

అంత చదివిన మనిషి చేసిన దానికి వంక పెట్టడానికి నోరు రాలేదు. సారు ఆలస్యం ఇంకా పెంచి చూశాడు. నేను ఇంకా ముందు కొట్టాను. మంచిగనే ఉందన్నాను. ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. ఇట్లా నాలుగు నెలలు, రోజూ సాయంత్రం.

అప్పుడు బావ పోయిన కబురు వచ్చింది.

ఆరోజు నువ్వు నా పక్కనే ఉన్నావు. అయినా రాస్తాను, అక్క వినాలి. పెద్దవాణ్నని ముందు నడిచే డప్పు నాకిచ్చారు. పాడె లేచింది. నీ దెబ్బ పడకముందే నా చెయ్యి పడుతున్నది. ఆపుదామంటే ఆగలేదు. “అన్నా, ఆగు, నేను అందుకుంట” అన్నావు నువ్వు. పాడె ముందు కొమ్ము మోస్తున్న మల్లిగాడు, “ఏందే సాంబన్నా, శవం కంటే ముందు నువ్వే కాటికి పోతానవా?” అన్నాడు. ఎవరో నవ్వారు. మోసేవాళ్లకు నీ దెబ్బకు అడుగు వేయాలో నా దెబ్బకు వేయాలో తెలియలేదు. పాడె ఒక పక్కకు ఒరిగింది. బావ తల పక్కకు తిరిగింది. అక్క పెట్టిన కేక నా చెవుల్లో ఇంకా ఉంది.

ఆ రోజు నా నోట్లో చుక్క పడలేదు. కాటికాడ పోసిన కల్లు కూడా ముట్టలేదు. కావాలంటే మల్లిగాణ్ని అడగండి.

ఇక్కడికి వచ్చిన తెల్లారే సారుకు అంతా చెప్పాను.

“ఆలస్యం తెలుస్తాందని నాకెందుకు చెప్పలే తాతా?”

“తప్పు నా చేతిదే అనుకున్న సారూ.”

“నీ చెయ్యి కాదే. నా పెట్టెది.”

పుస్తకం తీసి, నాలుగు నెలల పేజీల మీద ఒక్కొక్కదానికి అడ్డగీత కొట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. చెయ్యి మళ్లీ ఎప్పటిలాగా వస్తదా సారూ అని అడిగాను. “తెల్వది తాతా. ఏ పుస్తకంల లేదు” అన్నాడు. డప్పు పని ఆపేశాడు. ఊడ్చే పని ఉంది, దానికేమీ ఢోకా లేదు.

నేనుండే ఇంటి యజమానురాలు సరోజన మగ్గం నేస్తుంది. వాకిట్లో కూర్చుని ఆ మగ్గం చప్పుడుకు తొడ మీద దెబ్బ వేసి చూస్తున్నాను. “ఏందే అన్నా, నా మగ్గాన్ని తోల్తానవా?” అని ఎగతాళి చేస్తుంది. పది దెబ్బల్లో రెండో మూడో కలుస్తాయి. మిగతావి ముందే పడతాయి. అరవై ఏండ్ల చెయ్యి తమ్ముడూ. కొత్తది నేర్చుకుంది గానీ పాతదానికి తిరిగిపోయే దారి దానికి దొరకడం లేదు.

ఇకమీదట మన వాడలో ముందు డప్పు నీదే. నాయన డప్పు నువ్వే ఉంచుకో. నేను బాగుపడతానని ఎవరినీ ఎదురుచూడమనకు. పాడె ముందు ఇంకొకసారి అట్లా జరగకూడదు.

మెస్సులో చారు చప్పగా ఉంటుంది. యాదగిరి మళ్లీ వచ్చేటప్పుడు వీలైతే కొంచెం చింతపండు పంపు, లేకపోతే లేదు. మేనత్తకు దండాలు చెప్పు. పిల్లలకు దీవెనలు. అక్క కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు.

ఈ ఉత్తరం అక్కకు మొత్తం చదివి వినిపించు. మధ్యలో వదలకు. చదివాక, బావ నెల మాసికానికి నేను రావచ్చా అని అడుగు. వస్తే డప్పు ముట్టను, అందరి వెనక నిలబడి వచ్చేస్తాను. వద్దంటే వద్దన్న మాటే రాయి, నా మనసు కష్టపడుతుందని మార్చి రాయకు. మాసికానికి ఇంక పద్నాలుగు రోజులే ఉంది. చేరిన రోజే జవాబు రాయి తమ్ముడూ.

నీ అన్న
సాంబయ్య