ఇసక మీద బేరం

గుణదల, విజయవాడ
4 డిసెంబరు 1978

కొండలయ్య బావకు,

నీ మరదలు గంగారత్నం రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్క ఎలా ఉందో నువ్వు రాయనక్కర్లేదు, పోయిన నెల వచ్చినప్పుడు నా కళ్ళతోనే చూశాను. ఆ సంగతే రాస్తున్నాను. అక్కకు చదువు రాదు కాబట్టి ఎప్పటిలా నువ్వే చదివి వినిపించాలి. మధ్యలో మింగావో, ఈసారి వచ్చినప్పుడు నీ పని చెప్తాను.

మా సేవాసంఘం ఆఫీసుకు డబ్బిచ్చే ఢిల్లీ ట్రస్టు తరఫున ఒకాయన వచ్చే సోమవారం మన పాలెం వస్తున్నారు. ఉప్పెన తరువాత మనవాళ్ళకు ఇచ్చిన సైకిళ్ళ వల్ల మేలు జరిగిందా లేదా చూడడానికి. ఊరికే తనిఖీ కాదట. ఏం చూడాలో, ఎవరిని ఏం అడగాలో వాళ్ళూ మేమూ పాలెం జనమూ కలిసి కూర్చుని తేల్చుకోవాలట. డబ్బిచ్చేవాళ్ళ నోట ఇలాంటి మాట నేను ఇదే మొదటిసారి వినడం. ఇన్నాళ్ళూ వాళ్ళు అడిగినదానికి మనం తల ఊపడమే కదా.

మా సెక్రటరీ రామాంజనేయులు గారు గవర్నర్‌పేట ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి ప్రశ్నలు చెప్పమన్నారు. సైకిళ్ళు నడుస్తున్నాయా, బందరుకు చేప ఎక్కువ పోతోందా, ధర పెరిగిందా అని తలా ఒకటి చెప్పారు. అన్నిటికీ జవాబు బాగానే వస్తుంది, ఆ సంగతి తెలిసే చెప్పారు. నేను మాత్రం, "చేప అమ్మిన డబ్బు ఇంట్లో ఎవరి చేతిలో ఉంటోందో అడుగుదామండీ" అన్నాను. సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి, "ఇంటి గుట్టు వాళ్ళకెందుకమ్మా? వచ్చే ఏడు కొత్త సైకిళ్ళు రావాలా, అక్కర్లేదా?" అన్నారు. రావాలనే నేనూ అన్నాను, వచ్చినవి ఏం చేశాయో చూసుకుని మరీ రావాలన్నాను. దాంతో ఆయనకు కోపం వచ్చింది. సోమవారం నన్ను పాలెం రావద్దన్నారు, ఆఫీసులో ఉండమన్నారు. నా ఉద్యోగం సంగతి తిరిగొచ్చాక మాట్లాడతారట.

బావా, మన పాలెం కట్టుబాటు నీకు నేను చెప్పాలా? పడవలో ఉన్నంతసేపూ చేప మగవాడిది. ఇసక మీదికి దిగిందా, ఇక ఆడదానిది. ఎవరికి ఎంతకు ఇవ్వాలో ఆమే తేలుస్తుంది, డబ్బు ఆమె కొంగునే ఉంటుంది. ఆడవాళ్ళు సైకిలు తొక్కరు కదా అని మా ఆఫీసువాళ్ళు అన్నీ మగవాళ్ళకే ఇచ్చారు. ఇప్పుడు చేప పడవలోంచి నేరుగా సైకిలు గంపలోకి పోతోంది. ఇసకను తాకడమే లేదు. ఏ గొడవా లేకుండా, ఎవరూ ఎవర్నీ తిట్టకుండా, పాలెంలో ఆడవాళ్ళ చేతిలోంచి బేరం జారిపోయింది.

అక్క నెత్తిన బుట్ట పెట్టుకుని బందరు దాకా నడిచి నాకు పదో తరగతి వరకు చదువు చెప్పించింది. నీ చుట్టలకు డబ్బు కూడా ఆమే విదిల్చేది, మరిచిపోయావా? అదే అక్క మొన్న నేనొచ్చినప్పుడు కొబ్బరినూనె డబ్బుల కోసం గుమ్మం పట్టుకుని నీ ముందు నిలబడింది. నువ్వు "నిన్ననేగా ఇచ్చాను" అన్నావు. నువ్వు చెడ్డవాడివని కాదు. నీలాంటి మంచి బావ వెతికినా దొరకడు. మంచివాడే ఇలా అంటే మిగతా ఇళ్ళలో ఎలా ఉందో అనుకుంటేనే భయమేస్తోంది.

నేను రాలేను కాబట్టి అక్కే లేచి మాట్లాడాలి. నువ్వు అడ్డం రాకూడదు. నీ సైకిలు పోతే పోవచ్చు, నా ఉద్యోగమూ పోవచ్చు. అయినా ఈ మాట వాళ్ళ చెవిన పడాల్సిందే. అక్కకు చదివి వినిపించు.

నీ మీద కోపమూ అభిమానమూ రెండూ ఉన్న
గంగారత్నం


పాలెం
13 డిసెంబరు 1978

చిరంజీవి గంగారత్నానికి బావ కొండలయ్య దీవెనలు.

నీ ఉత్తరం గురువారమే అందింది. మీ అక్కకు చదవలేదు. అడిగితే "బాగానే ఉందంట" అని జేబులో పెట్టుకున్నాను. తిట్టుకో, పడతాను. సైకిలు మీద ఆశ నన్ను అంతపని చేయించింది.

సోమవారం అందరం రేవులో కూర్చున్నాం. మీ సెక్రటరీ గారు అడిగినవాటికి మగాళ్ళం బాగా చెప్పాం. ఆ ట్రస్టాయన మంచివాడల్లే ఉన్నాడు. "మేం అడగడం మరిచిపోయింది ఏమన్నా ఉందా?" అన్నాడు. మీ అక్క లేచి, "మా చెల్లి రాలేదేమండీ?" అంది. మీ సెక్రటరీ గారు "ఒంట్లో బాగోలేదమ్మా" అన్నారు. మీ అక్క నా వైపు తిరిగి, "బాగానే ఉందంట అన్నావు గదా. ఏదీ, ఆ ఉత్తరం తియ్యి" అంది.

పాలెమంతా నన్నే చూస్తుంటే ఏం చెయ్యను? తీసి చదివాను, ఒక్క ముక్క వదల్లేదు. చుట్టల దగ్గర ఆడాళ్ళంతా నవ్వారు. కొబ్బరినూనె దగ్గర ఎవరూ నవ్వలేదు. మిగతాది ఎలా చదివానో నాకే తెలియదు రత్నం.

సైకిళ్ళు తీసుకుపొమ్మంటుందేమో అనుకున్నాను. మీ అక్క, "సైకిళ్ళు ఉండనియ్యండి బాబూ, బుట్టలు మోసి మోసి మా మెడలు పడిపోయినయ్. చేప మాత్రం ముందు ఇసక మీద దిగాల. ధర మేం చెప్పాల. సైకిలోళ్ళు మా కాడ కొనుక్కుని పోవాల" అంది. ఆడాళ్ళంతా అదే మాట మీద నిలబడ్డారు. ట్రస్టాయన, నువ్వు చెప్పిన ప్రశ్నే ఇంటింటా ముందు అడగాలన్నాడు. అది తేలాకే కొత్త సైకిళ్ళ మాటట. అడగడానికి ఆ ఉత్తరం రాసినమ్మాయినే పంపమని అందరి ముందూ అన్నాడు. మీ సెక్రటరీ గారు సరేనన్నారు గానీ ఆ మొహం చూడలేకపోయాం. ఆయన ఏమన్నా గట్టిగా నిలబడు.

ఇవాళ పొద్దున మన చేపే, మన పడవదే, ఇసక మీద పోసుకుని కూర్చుంది మీ అక్క. నేను సైకిలు తీసుకెళ్ళి గంప ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి ధర చెప్పింది. కట్టుకున్న మొగుణ్ణి, కాస్త తగ్గించవే అన్నాను. "మొగుడివని తగ్గిస్తే రేపు సైకిలోళ్ళంతా మొగుడి వరసే కలుపుతారు" అంది. ఆమె చెప్పిన ధరకే కొన్నాను.

నీ బావ
కొండలయ్య